ఎడమ బొటనవేలు, ఎర్ర నూలు

కొత్త నేతచీర మడత విప్పగానే గంజి వాసన వచ్చింది. ఆ వాసనకి నా ఎడమ బొటనవేలు దానంతటదే చూపుడువేలిని వెతుక్కుంది, మధ్యలో నూలుపోగు ఉన్నట్టు. కాసేపు బండారులంకలో, మంగమ్మత్త వసారాలో, ఆరేళ్ళ పిల్లనై కూర్చున్నాను.

మంగమ్మత్త మాకు చుట్టమేమీ కాదు, పక్కింటావిడ. మామయ్యగారు మగ్గం నేసేవారు. ఆవిడ రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేది. బడి వదిలాక అమ్మ ప్రైవేట్లు చెప్పి వచ్చేదాకా నేను అత్త దగ్గరే ఉండేదాన్ని. ఉండి ఏం చేసేదాన్నంటే, ఎడమ బొటనవేలు చీకేదాన్ని. మామూలుగా కాదు, లోకం మరిచిపోయి. వేలు నోట్లో పడితే చాలు, మగ్గం చప్పుడు ఎక్కడో కాలవ అవతల నుంచి వస్తున్నట్టుండేది.

పాలపళ్ళు ఊడి, కొత్తవి ముందుకి తోసుకొస్తున్నాయి. నానమ్మ వేపాకు ముద్ద రాసింది, ఆముదం రాసింది, గుడ్డ కట్టింది. మొండిఘటాన్ని కదా, చేదంతా నాకేసి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఒకసారి నానమ్మ విసుగెత్తి, మానకపోతే నీ పళ్ళూ మంగమ్మ పళ్ళలాగే అవుతాయని ఆవిడ ఎదుటే అనేసింది. అత్త నవ్వింది. ఎప్పటిలాగే పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అత్త మాత్రం నా వేలు ఏనాడూ లాగలేదు. రాట్నం ముందు కూర్చోబెట్టి, కుడిచేత్తో తిప్పమని, పోగుని ఎడమ బొటనవేలి మీదుగా పోనిమ్మని చెప్పింది. వేలు పొడిగా ఉండాలంది, అంతే. నూలు చీమ పాకినట్టు వేలి మీద జారుతుంటే అదో మత్తు. అయినా ఆవిడ అటు తిరిగితే వేలు మళ్ళీ నోట్లోకే పోయేది.

ఒకరోజు ఎర్ర నూలు చుట్టాక వేలు చీకి, ఆ తడి చేత్తోనే తెల్ల నూలు పట్టుకున్నాను. మర్నాడు తెల్లచీర నడుమ గులాబీ చారలు తేలాయి. మామయ్యగారు మగ్గం ఆపి, ఈ కండె ఎవరు చుట్టేరని అడిగారు. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"నేనేనండి. చెయ్యి తడి చూసుకోలేదు," అంది అత్త.

ఆయన అన్న మాటలన్నీ తలొంచుకుని పడింది. ఆయన లేచి వెళ్ళాక, అలా ఎందుకు చెప్పావని ఏడుస్తూ అడిగాను.

"చిన్నప్పుడు వేలు చీకుతున్నానని నన్ను కొట్టేరమ్మా. వాతలు కూడా పెట్టేరు. దాక్కుని పన్నెండేళ్ళొచ్చేదాకా చీకేను. భయపెడితే వేలు ఇంకా లోపలికే పోద్ది. నీకొద్దే ఆ గతి."

ఆ రోజే మానేశానంటే అబద్ధం. నెలలు పట్టింది. వేలు నోటిదాకా వెళ్ళేది, ఆ చారలు గుర్తొచ్చి సిగ్గుపడి ఒళ్ళోకి దిగేది. ఏడాది తిరిగేసరికి పళ్ళు చాలావరకు సర్దుకున్నాయి. అత్త నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, ఏదీ ఇకిలించమంది. ఇకిలించాను. చూసి పకపకా నవ్వేసింది. పైట అడ్డం పెట్టుకోవడం మరిచేపోయింది. ఆ ఎత్తుపళ్ళ నవ్వుని నిండుగా చూడటం నాకదే మొదటిసారి. ఎంత బాగుందో!

నా ముందుపళ్ళు రెండూ ఇప్పటికీ కాస్త ముందుకే ఉంటాయి. ఇప్పుడైనా సరిచేయించుకోవచ్చని మొన్న పళ్ళ డాక్టరుగారన్నారు. నవ్వి ఊరుకున్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.