నేను అరవని వన్స్‌మోర్

ఈ మాట లోపల పెట్టుకుని ముప్పై ఏళ్లు తిరిగాను. మా ఇంటామెకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో నల్లగొండలో మాకొక నాటక సమాజం ఉండేది. అందులో పెద్ద నటుడు నర్సింహ మామ. వరసకు ఏమీ కాడు, పిలుపుకే మామ. నాకు మొహానికి రంగు పూసుకోవడం నేర్పింది ఆయనే, ఆకలేస్తే తన సద్దిలో సగం పెట్టిందీ ఆయనే. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకున్నాడా... అబ్బ, ఏం గొంతది! పద్యం ముగియగానే వెనక బెంచీ మీంచి నేను "వన్స్‌మోర్!" అని అరిచేవాణ్ణి. సమాజంలో అది నా పని. ఒకడు మొదలుపెడితే జనమంతా అందుకుంటారు. మొదటివాడు లేకపోతే మొహమాటపడి ఎవరూ నోరు విప్పరు. ఈ సంగతి మామకు తెలియదు. ఆ అరుపులన్నీ జనానివే అనుకునేవాడు.

ఒక ఏడు ఎండాకాలం ఆటల పట్టిక తయారుచేసే పని నాకు అప్పగించారు. సినిమాల దెబ్బకు కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. పోచంపల్లి మగ్గాల దగ్గరికీ నార్కట్‌పల్లి బస్సుల దగ్గరికీ పోయి జనాన్ని అడిగాను. మన మాటల్లో మన బతుకు చూపించమన్నారు. ఆఖరి బస్సుకు ముందే ముగించమన్నారు. ఆడవాళ్లు విడిగా కూర్చునే జాగా అడిగారు. అన్నీ పట్టికలో పెట్టాను. మామ ఆట ఐదు గంటలు. అది తీసేస్తేనే నేను రాసిన సాలెవాళ్ల నాటకానికి చోటు. ఆ మాట ఆయనతో అనే ధైర్యం నాకేది?

పట్టిక అచ్చుకు పోయే ముందు మామ ఆట ఒకటి పడింది. ఆయన పద్యం ముగించి, చెయ్యెత్తి అలాగే నిలబడ్డాడు. నేను అరవలేదు. అరవబోయి ఆగిపోయానా? కాదు. ముందే అనుకుని కూర్చున్నాను. హార్మోనియం అతను శ్రుతి వదలకుండా చూస్తున్నాడు. జనం కదల్లేదు. మామ మెల్లగా చెయ్యి దించాడు.

ఆట అయ్యాక రంగు తుడుచుకుంటూ అడిగాడు.

"నా గొంతు పోయిందా అల్లుడా? నిజం చెప్పు."

"గొంతు కాదు మామా, జనం మారిన్రు."

"ఎహె, జనం గట్లెందుకు మారుతరు? నా గొంతే పోయింది. నా ఆట తీసెయ్, నీది పెట్టు. ఫికర్ చెయ్యకు."

తీసేశాను.

ఆ ఎండాకాలం జనం విరగబడి వచ్చారు. చంటిపిల్లలతో ఆడవాళ్లు వచ్చారు. మామ మా వాళ్లకు రంగులు పూస్తూ, తెర సందులోంచి తొంగిచూసి, "సూడున్రి, నా అల్లుడు ఎంతమందిని తెచ్చిండో!" అని మురిసిపోయేవాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. పద్యం మాత్రం మళ్లీ ఎత్తుకోలేదు. ఇంట్లో కూడా కూనిరాగం తీయడం లేదని అత్త చెప్పింది.

జనం కోసం చేశానా, నా నాటకం కోసం చేశానా? పట్టిక మంచిదే, ఇప్పటికీ అంటాను. కానీ దాని కోసం ఆయన గొంతు మీద ఆయనకే నమ్మకం పోగొట్టాలా? నేరుగా అడిగి ఉంటే నవ్వుతూ ఇచ్చేవాడు. అంత ప్రేమ నా మీద. అదే నన్ను తినేస్తోంది.

చివరి రోజుల్లో దవాఖానలో ఆయన పక్కనే కూర్చున్నాను. నిజం నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన పోయాడు. ఇక క్షమించమని ఎవరిని అడగను? మిమ్మల్ని అడగడం లేదు. ఒక్కరికైనా తెలిస్తే చాలు, అంతే. ఆ రోజు మామ గొంతుకు ఏమీ కాలేదు. అంత బాగా ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు.