తలంబ్రాల రవిక

ఆ రోజుల్లో మా చింతామణికి ఫ్యాషన్ చిక్కబళ్లాపురం మీదుగా చిన్న రైల్లో వచ్చేది. బెంగళూరులో ఆడవాళ్లు ఒక కొత్త రకం రవిక తొడుక్కోవడం మొదలుపెడితే, అది మా ఊరు చేరడానికి ఆరు నెలలు పట్టేది. మా ఊరి నుంచి బాగేపల్లికి మరో ఆరు నెలలు. చాకవేలు దాకా పోయేసరికి బెంగళూరులో ఆ రవికలు పాతబడి గిన్నెలు దించుకునే మసిగుడ్డలై ఉండేవి. ఇదంతా ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు. మా ఇంట్లో పొయ్యి వెలగడం ఆ రవికల మీదే ఆధారపడి ఉండేది కనుక, అవి ఎప్పుడు వచ్చాయో ఎప్పుడు పోయాయో నాకు బాగా గుర్తు.

గూళూరు నుంచి చింతామణికి కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేడేళ్లు. ముందర బట్టలు కుట్టే అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక గోనెగుడ్డ పరదా. అంగడి మా మామగారిది. ఆయన లెక్కా పత్రం చూసుకునేవాడే తప్ప కత్తెర పట్టి ఎరగడు. మా ఇంటాయన మిషను తొక్కేవాడు. ఆయన పక్కన ఇంకో మిషను మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన్ని అందరూ కుట్టు తాత అనేవారు. గుడ్డ కత్తిరించి ఇస్తే తాత కళ్లు మూసుకొని కుట్టగలడు (నిజంగానే మూసుకునేవాడు, చూపు ఎలాగూ అంతంతమాత్రం). కాజాలు, హుక్కులు పరదా వెనక అత్తా నేనూ వేసేవాళ్లం. ఇక అంగడికి ప్రాణం లాంటివాడు బెంగళూరు దండు నుంచి, అంటే దొరల కంటోన్మెంటు నుంచి, వచ్చిన కటింగు మేస్త్రీ. ఆయన వచ్చేదాకా మా వైపు రవికల చేతులు మోచేతి దాకా గొట్టాల్లాగా ఉండేవి. ఆయన వచ్చి బుట్టచేతులు పెట్టాడు. భుజం దగ్గర కుచ్చులు పోసి, లోపల గంజి పెట్టిన పల్చటి గుడ్డ వేసి, రెండు భుజాల మీద రెండు గుమ్మడికాయలు నిలబెట్టినట్టు నిలబెట్టేవాడు. ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. మామగారు అంగడి పేరు అచ్చేయించిన చిన్న గుడ్డముక్కలు బెంగళూరు నుంచి తెప్పించి ప్రతి రవిక మెడ లోపలా కుట్టించేవాడు. ఆడవాళ్లు నీళ్ల దగ్గర వంగినప్పుడు ఆ గుడ్డముక్క బయటికి కనబడేటట్టు కొంచెం ఎక్కువే వంగేవారని మా అత్త చెప్పేది.

పేరు పెరిగిన కొద్దీ బుట్టలూ పెరిగాయి. నెలనెలా ఇంకొంచెం, ఇంకొంచెం. యుద్ధం రోజులు, గుడ్డకు కరువు. తాలూకా అమల్దారు కచేరిలో చీటీ రాయించుకుంటే గానీ గజం గుడ్డ దొరకదు. ఒకనాడు మామగారు ఉండబట్టలేక, "ఇంగ చాలించప్పా, ఆడోళ్లు వాకిట్లో దూరాలంటే పక్కకు తిరగాల్సొస్తాండాది" అన్నాడు. నలుగురి ముందర అన్నాడు, అదే తప్పయింది. మేస్త్రీ కత్తెర మడిచి, టేపు మెడలో వేసుకొని, "నా చేతికి అడ్డం జెప్పే అంగట్లో నాకేం పని?" అని లేచి వీధి దాటాడు. వీధికి అటువైపు కొత్తగా అంగడి పెట్టినాయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అంతా కలిపి పది అడుగులు. ఆ పది అడుగుల్లో మా అంగడి పేరు కూడా ఆయన వెంట నడిచిపోయిందని మాకు వారానికి గానీ తెలియలేదు.

ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, గొడవ పడలేదు. గుడ్డ చంకన పెట్టుకొని నేరుగా మా మెట్లెక్కి, "మేస్త్రీ యాడప్పా?" అని అడిగేవారు. మామగారు అబద్ధం ఆడలేక చెయ్యెత్తి ఎదురంగడి చూపించేవాడు. పాపం, ఆ నెలంతా ఆయన చేసిన పని అదొక్కటే. కుట్టు తాత పనిలేక మిషనుకు రోజుకు రెండుసార్లు నూనె పోసేవాడు. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఇంటాయన, "అంగడి మూసేసి ఊర్లో చేను జేసుకుందాం నాయనా" అన్నాడు. మామగారు కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

సరిగ్గా ఆ మరునాడే మిట్టేమరి నుంచి మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, బండి దిగింది. కూతురి పెళ్లి. పెళ్లికూతురి పట్టు రవిక గుడ్డ, ఆదికి ఒక పాత రవిక మూటలో తెచ్చింది. మామగారు, మా ఇంటాయన గుడ్డ చీటీ కోసం కచేరికి పోయి ఉన్నారు. మెట్టు మీదే నిలబడి పెద్దమ్మ, "మేస్త్రీ ఉండాడామ్మా?" అంది. నా చెయ్యి కూడా మామగారి చెయ్యిలాగే ఎదురంగడి వైపు లేవబోయింది. కానీ నోరు ముందు లేచింది.

"ఉండాడు పెద్దమ్మా. లోపల ఉండాడు" అన్నాను.

లోపల ఉన్నది కుట్టు తాత, చారు తాగుతూ. పెద్దమ్మ పరదా దగ్గరికి పోయి, "అప్పా, బుట్టలు బాగా పెద్దవి పెట్టల్ల. మగపెళ్లోరు కోలారు తట్టోళ్లు, వాళ్ల ముందర మా బిడ్డ చిన్నబోకూడదు" అని పరదాకు చెప్పింది. పరదా ఒకసారి దగ్గి, "ఊఁ" అంది. పెద్దమ్మ తృప్తిగా బండెక్కింది. బండి మలుపు తిరగ్గానే తాత పరదా లోంచి తల బయట పెట్టి, "ఏమ్మే, ఇప్పుడు కత్తిరించేదెవురు? నేనా, నువ్వా?" అన్నాడు.

నేనే. రెండేళ్లపాటు పరదా సందులోంచి మేస్త్రీ చేతులు చూసినదాన్ని, నాకు రాదా అనుకున్నాను (పందొమ్మిదేళ్లకు మనిషికి రానిదంటూ ఉండదు). తలుపేసుకొని, చాప మీద పట్టుగుడ్డ పరిచి, ఆది రవిక దాని మీద పెట్టాను. బిగుతైపోతే పెళ్లికూతురికి ఊపిరాడదని, వీపుకు అన్నివైపులా ఒక అంగుళం ఎక్కువ వదిలాను. ముందుభాగాలకు ఇంకో అంగుళం ధర్మం చేశాను. అలా దయగా కత్తిరించుకుంటూ పోయి, చేతుల దగ్గరికి వచ్చి చూస్తే మిగిలిన గుడ్డలో బుట్ట కాదు కదా, చిన్న చిప్ప కూడా వచ్చేటట్టు లేదు. జరీ అంచు పక్కన రెండు జానెల గుడ్డ, అంతే. అలాంటి పట్టు మళ్లీ కొందామన్నా ఆ రోజుల్లో ఎక్కడా దొరకదు.

మామగారు తిరిగొచ్చేసరికి నేను చాప మీద ముక్కల మధ్య కూర్చొని ఏడుస్తున్నాను. ఆయన విషయమంతా విని, కత్తిరించిన ముక్కలు చూసి, "ఎంత పని జేస్తివమ్మా" అన్నాడు. కోపం లేదు, అందుకే ఇంకా భయమేసింది. అత్త మాత్రం, "ఏడిస్తే గుడ్డ పెరుగుతుందా? ఉండేదాంట్లో ఏమొస్తుందో అది కుట్టు" అంది. ఉన్నదాంట్లో వచ్చింది భుజానికి అంటుకొని ఉండే పొట్టి చెయ్యి, చివర జరీ అంచు. కుచ్చు లేదు, గంజి లేదు. ధర్మం చేసిన అంగుళాలన్నీ లోపలికి మడిచి తాత చేత కుట్టించాను. మామగారు ఒక్కక్షణం తటపటాయించి, అంగడి పేరున్న గుడ్డముక్క తీసిచ్చి, "కుట్టు. తిట్లు పడితే మన పేరు మీదే పడనీ" అన్నాడు.

రవిక పెళ్లినాటి ఉదయం నేనే తీసుకుపోయి ఇచ్చాను, తిట్టడానికి పెద్దమ్మకు తీరిక ఉండకూడదని. పెద్దమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి, "బుట్టలు యాడమ్మే?" అంది. నేను నేల చూశాను. "మేస్త్రీ మరిచిపోయినాడా? మనిషా వాడు, మానా?" అంటుండగానే ముహూర్తం దగ్గరపడిందని బయట కేకలు. వేరే రవిక లేదు. పెళ్లికూతురు అదే తొడుక్కొని పీటల మీదికి పోయింది. నేను వంటపాక దగ్గర పొగలో నిలబడ్డాను, కళ్ల నీళ్లకు ఒక సాకు ఉంటుందని.

ఎండ కాస్తున్న పందిరి. మగపెళ్లివారి ఆడవాళ్లందరికీ ఇంతింత బుట్టలు. చెమటకు లోపలి గంజి కరగడం మొదలుపెట్టింది. మొదట పెళ్లికొడుకు అక్కగారి ఎడమ బుట్ట కూర్చుంది. కాసేపటికి కుడిది. తాళి కట్టే సమయానికి పందిట్లో బుట్టలన్నీ వడిలిన గుమ్మడిపూలలాగా వేలాడుతున్నాయి. తలంబ్రాలు మొదలయ్యాయి. మామూలుగా పెళ్లికూతుళ్లకు బుట్టలు అడ్డం పడి చెయ్యి భుజం దాటి లేవదు, రెండు గింజలు రాల్చి సిగ్గుపడినట్టు ఊరుకుంటారు. మా పిల్లకు అడ్డేముంది? రెండు చేతులూ ఎత్తి పెళ్లికొడుకు తల మీద దోసిళ్లకు దోసిళ్లు గుమ్మరించింది. అతను ఒకటి పోసేలోగా మూడు పోసింది. బియ్యం కళ్లలో పడి అతను రెప్పలు కొట్టుకుంటుంటే పందిరంతా నవ్వులు. పెళ్లికొడుకు అక్కగారు చూసి చూసి, "ఈ పిల్ల చెయ్యి ఎంత సలీసుగా లేస్తాండాదే! ఆ రైక ఎవురు కుట్టిందమ్మా?" అంది.

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చింతామణిలో మా బిడ్డోళ్ల అంగడి. ఇది కొత్త రకం, నేనే చెప్పి కుట్టించినా" అంది.

హమ్మయ్య! ఆ మాట విన్నాక నేను వంటపాక లోంచి బయటికొచ్చి, నెలన్నర తరవాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

పది రోజులు తిరిగేలోగా బాగేపల్లి వాళ్లు, కోలారు వాళ్లు "తలంబ్రాల చెయ్యి" కావాలని మా మెట్లెక్కారు. గుడ్డ కరువు రోజుల్లో తక్కువ గుడ్డతో అయిపోయేది కావడం కూడా కలిసొచ్చింది. మామగారికి ఎదురంగడి చూపించే పని తప్పింది. చేను మాట మా ఇంటాయన మళ్లీ ఎత్తలేదు. నేను పరదా వెనక కత్తెర పట్టుకొని, నా అంత తెలివైనది మైసూరు సీమలో లేదని నమ్ముతూ ఉన్నాను.

ఒక రోజు పొద్దున్నే మేస్త్రీ వీధి దాటి వచ్చాడు. చేతిలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి రవిక. ఆమె స్నేహితురాలెవరో ఆదికని అడిగి తీసుకొని, మేస్త్రీ అయితే ఇంకా బాగా కుడతాడని ఆయన దగ్గర పెట్టిందట. "కత్తిరించింది ఎవురప్పా?" అని అడిగాడు. మామగారు ఛాతీ విరుచుకొని, "మా కోడలు" అన్నాడు. మేస్త్రీ నన్ను పిలిపించాడు. రవిక లోపలివైపుకు తిప్పి, మడిచి దాచిన అంగుళాల మీద వేలు పెట్టి, నాకు మాత్రమే వినబడేటట్టు, "చేతులకు గుడ్డ చాల్లేదు, అవునామ్మా?" అన్నాడు.

ఊరంతా నమ్మిన సంగతి ఒక్క వేలితో తేలిపోయింది. "ఎవురితోనూ చెప్పద్దప్పా" అన్నాను.

ఆయన నా ముఖం చూసి నవ్వాడు. "నేనెందుకు చెప్తానమ్మా? దండులో ఉన్నప్పుడు ఒగతూరి ఒగ దొరసాని రైకకు చేతులు మరీ పెద్దవి కత్తిరించేస్తి. తిరిగి కోసే ధైర్యం చాలక కుచ్చులు పోసి సరిపెడితిని. దానికే ఊరంతా బుట్ట బుట్ట అని యెగబడె" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. ఇద్దరం ఎందుకు నవ్వుతున్నామో తెలియక మామగారు కూడా నవ్వాడు. తరవాత చాలా ఏళ్లు మేస్త్రీ ఎదురంగట్లోనే ఉన్నాడు. పొట్టిచేతులూ పోయాయి, పొడుగుచేతులు వచ్చాయి, అవీ పోయాయి. జనం అటు కొన్నాళ్లు, ఇటు కొన్నాళ్లు. దాన్ని గురించి మా ఇంట్లో మళ్లీ ఎవరూ కలిపిన ముద్ద వదిలేసి లేవలేదు. చాప మీద కూర్చొని ఏడ్చిన ఆ పందొమ్మిదేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురైతే, ఊరుకోవే అని తల నిమురుదామనిపిస్తుంది. ఈ వయసులో కూడా మనవరాలికి రవిక కుట్టాలంటే గుడ్డ మూడుసార్లు కొలిచి గానీ కత్తెర పెట్టను. మూడుసార్లూ మూడు కొలతలు వస్తాయి. సరేలెమ్మని ఏదో ఒకదానికి కత్తిరించేస్తాను. చూసినవాళ్లు, "ఇది కొత్త రకమా అవ్వా?" అని అడుగుతారు. అవునంటాను.