పాలరంగు నేల

వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అనేవారు, ఎదురుగా మాత్రం షావుకారుగారు. టైల్సూ, బాత్రూమ్ సామాన్లూ అమ్మే దుకాణం ఆయనది. అద్దాల గోడ వెనక తెల్లటి కమోడ్లు వరసగా కొలువుతీరి ఉంటాయి. అక్కడ పనిచేసే ఆడపిల్లలు వెళ్లడానికి మాత్రం ఒక్కటీ లేదు. ఎవరైనా నోరు విడిచి అడిగితే, "ఇంటి దగ్గరే కానిచ్చుకు రావచ్చుగా" అనేవాడు. పాపం వాళ్లు పగలంతా మంచినీళ్లు తాగడమే మానేశారు. అదంతా తను నేర్పిన క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాడా మహానుభావుడు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత తన మొగుణ్ణి చూశాకే పుట్టి ఉంటుందని ఆయన భార్యకి గట్టి నమ్మకం.

ఇంట్లో హాలంతా పాలరంగు టైల్స్. కొనేవాళ్లు తటపటాయిస్తే కారెక్కించి ఇంటికి తెచ్చి మరీ చూపించేవాడు. ఆ నేలమీద భార్య తడికాళ్లతో నడవకూడదు, చుట్టాల పిల్లలు పాకకూడదు. అలాంటి కొంపకి కుక్కనెందుకు తెచ్చాడయ్యా అంటే, ఎదురింటి ఇంజనీరు తెచ్చాడు కాబట్టి!

నేల పాడవకుండా ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దున గిన్నెడు నీళ్లు పెట్టి, దుకాణానికి వెళ్తూ ఆ గిన్నె అటకమీద పెట్టేసేవాడు. సాయంత్రం వచ్చి తనే దర్జాగా గొలుసు పట్టుకుని వీధిలోకి తీసుకెళ్లేదాకా కుక్క ఆపుకోవాలి. పిచ్చిది, ఆపుకునేది. "మనుషులకన్నా నయం" అని ఇంజనీరు దగ్గర డప్పు కొట్టుకునేవాడు. మధ్యాహ్నం భార్య చాటుగా నీళ్లు పెడితే గిన్నె తడి చూసి రభస చేసేవాడు. ఆ రభస పడలేక ఆమె కూడా ఊరుకుంది.

కొన్నాళ్లకి కుక్క తీరు మారింది. వీధిలోకి వెళ్లగానే కూర్చునేది, లేచేది, రెండడుగులేసి మళ్లీ కూర్చునేది. ఎంత ముక్కినా చుక్కలే. ఇంటికొచ్చి అస్తమానం నాకుకునేది. ఒకరోజు దాని దుప్పటిమీద ఎర్రటి మరక కనిపించింది.

"ఏమండీ, దీనికి నెత్తురు పడుతోంది. డాక్టరుకి చూపిద్దాం."

"వగలు! రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది. టైల్ మీద పడిందా?"

"దుప్పటిమీద పడింది."

"బతికించింది."

ఇన్నాళ్లూ ఈ మనిషికా నేను అన్నం వడ్డించింది అనుకుంది ఆమె.

మర్నాడు కుక్క తిండి ముట్టలేదు. పొట్ట గట్టిపడి వణుకుతోంది, ఒక్క చుక్కా రావడం లేదు. ఆమె దాన్ని ఆయనగారి ఖరీదైన శాలువాలో చుట్టి ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి మూత్రం తిత్తిలోంచి రాళ్లు తీసింది.

"నీళ్లు చాలక, గంటలకొద్దీ ఆపుకుంటే మూత్రం చిక్కబడుతుందమ్మా. క్రిములు చేరతాయి, రాళ్లు కడతాయి. చుక్కలు పడుతున్నప్పుడే తేవాల్సింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు."

కబురు తెలిసి అప్పుడే వచ్చిన అద్దాలాయన అడిగిన మొదటి మాట: "ఇకమీదట ఇంట్లో పోస్తుందా?"

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, భార్య వైపు తిరిగింది. "నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంచండి. అడిగినప్పుడల్లా బయటికి తీసుకెళ్లండి. ఇంటికెళ్లాక మళ్లీ ఆగిపోతే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకండి, ప్రాణానికే ముప్పు."

ఇంటికి తెచ్చిన రోజు ఆమె నీళ్ల గిన్నె హాలు నడిమధ్యన పెట్టింది. కుక్క తాగింది. పెరట్లోకి ఎన్నిసార్లు తీసుకెళ్లినా ఊరికే నిలబడి తిరిగొచ్చింది. ఆమెకి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. మళ్లీ ఆసుపత్రికి బయల్దేరదామని చెప్పులు వేసుకుంటుండగా, అద్దాలాయన ఒక జంటని వెంటబెట్టుకుని వచ్చాడు.

"చూడండి, ఒక్క మరక ఉందేమో!"

కుక్క లేచింది. తూలుతూ హాలు మధ్యకి నడిచి కూర్చుంది. ధార మొదలై, పాలరంగు నేలమీద పారుతూ వచ్చినవాళ్ల కాళ్లదాకా చేరింది.

అద్దాలాయన చెయ్యెత్తాడు. ఆమె అడ్డంగా నిలబడింది.

"దానిమీద చెయ్యి పడితే మర్యాద దక్కదు."

పెళ్లయ్యాక ఆ గొంతు ఆయన వినడం అదే మొదలు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాడు.

ఆమె కళ్లు తుడుచుకుంటూ వచ్చినావిడతో అంది: "బాగా చూడండమ్మా. ఇన్నేళ్లకి ఈ నేల ఒక మంచి పనికొచ్చింది."

తర్వాత గిన్నె తీసుకెళ్లి మళ్లీ నిండా నీళ్లు తెచ్చి పెట్టింది.