ముందు చిప్పు, తర్వాత సూది

కుక్కను జర్మనీ తీసుకెళ్లాలంటే ఏమేం కావాలో ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ముందు దాని మెడ దగ్గర, చర్మం కింద, బియ్యపు గింజంత చిప్పు పెట్టాలి. అందులో ఒక నంబరు ఉంటుంది. ఆ తర్వాతే రేబిస్ సూది. సూది వేసిన నెలకు రక్తం తీసి జర్మనీవాళ్లు ఒప్పుకున్న ల్యాబుకు పంపాలి. రిపోర్టు బాగున్నా సరే, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అప్పుడు డాక్టరు సర్టిఫికెట్టు, దాని మీద సర్కారు ముద్ర, ఆపైన విమానం. ఈ వరస ఒక్కచోట తప్పినా కథ మళ్లీ మొదటికి వస్తుంది. తెలియాల్సిన రోజున ఇదంతా నాకు తెలియదు. సంగతి అంతటితో అయిపోయి ఉంటే ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

అప్పట్లో నేను సూరత్‌లో ఒక జంతువుల డాక్టరు దగ్గర కాంపౌండర్ని. అంతకు ముందు ఎనిమిదేళ్లు పవర్‌లూమ్ మీద పనిచేశాను. మా నాన్న జగిత్యాల వైపు నుంచి ఈ ఊరికి వచ్చి మగ్గం పట్టుకున్నాడు, నేను ఆయన వెనకే పట్టుకున్నాను. మగ్గం మీద నుంచి దిగిన బట్టను ఇక్కడ తాకా అంటారు. తాకా దిగాలి, కోయాలి, మడత పెట్టాలి, అప్పుడు దాని అంచు మీద మగ్గం నంబరు రాయాలి. నేయని బట్టకు నంబరేమిటి? అలా ఎవరైనా రాస్తే కార్ఖానా అంతా నవ్వుతుంది. ముందు పని, తర్వాత నంబరు. ఎనిమిదేళ్లలో నా చేతికి పట్టిన అలవాటు అది. చేతి నుంచి తలకెక్కిందని నాకే తెలియలేదు.

మొదటి లాక్‌డౌన్ సడలించిన రోజులు. మా డాక్టరు షుగరు మనిషి, కరోనా అంటే హడల్. వారానికి రెండు రోజులే వచ్చేవాడు. మామూలు సూదులన్నీ నేనే వేసేవాణ్ని. నిజం చెప్పాలంటే ఆ పెత్తనం నాకు బాగా నచ్చింది. మాస్కు కట్టుకుని, తెల్లకోటు వేసుకుని నిలబడితే కొత్తవాళ్లు నన్నే డాక్టర్ సాబ్ అనేవారు. నేను కాదనేవాణ్ని, కానీ కొంచెం ఆలస్యంగా.

ఆమె వినాయక చవితి వారంలో వచ్చింది. ఆ ఏడు వీధుల్లో మండపాలు లేవు. ఆమె హజీరా నుంచి మూడు ఆటోలు మారి, ఒక ముసలి కుక్కను చంకలో పెట్టుకుని దిగింది. ఊరకుక్కే, గోధుమ రంగు, ఒక చెవి మడత పడి ఉండేది. పదమూడేళ్ల కిందట కంపెనీ టౌన్‌షిప్ గేటు దగ్గర దొరికిందట. భర్తకు జర్మనీలో ఉద్యోగం వచ్చి ముందే వెళ్లిపోయాడు. మార్చిలో ఈమె వెళ్లాలి. వాళ్లకు పిల్లల్లేరు. నేను ఫోనులో మా ఆవిడతో తెలుగులో మాట్లాడుతుంటే విని, ఆమె మొహం వెలిగిపోయింది. కరీంనగర్ మనిషి. అయిదు నిమిషాల్లో నేను తమ్ముణ్ని అయిపోయాను, ఆమె అక్క అయిపోయింది.

"వీడు రాకుంటె నేను గూడ రానని మా ఆయనకు సాఫ్ చెప్పిన తమ్మీ" అంది, కుక్క వీపు నిమురుతూ.

చిప్పు ముంబయి నుంచి కొరియర్లో రావాలి. ఆ రోజుల్లో కొరియర్లది నత్తనడక. డాక్టరుకు ఫోను చేస్తే, చిప్పు వచ్చాకే పిలువు, అప్పుడే రెండూ చేద్దాం అని హిందీలో చెప్పి పెట్టేశాడు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని, అందులోనూ మన మనిషిని, ఉత్తచేతులతో పంపడానికి నాకు మనసొప్పలేదు. సూది తీశాను. రెండూ ఒక్కసారే అన్నారు కదా అని ఆమె ఒకటికి రెండుసార్లు అడిగింది.

"సూదే ముఖ్యం అక్కా. గా చిప్పు అంటె నంబరే గద, ఎనకెనక ఏసుకున్నా ఒకటే" అంటూనే సూది వేసేశాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎనిమిది రోజులకు చిప్పు వచ్చింది. ఆమె మళ్లీ మూడు ఆటోలు మారి వచ్చింది. చిప్పు పెట్టి, కుక్క టీకాల పుస్తకంలో సూది తేదీ పైన, చిప్పు తేదీ కింద, గుండ్రటి అక్షరాలతో రాశాను. నా దస్తూరి బాగుంటుంది.

దసరా దగ్గర పడ్డప్పుడు రక్తం తీశాం. ఆ రోజు డాక్టరు వచ్చాడు. రక్తం తీసి ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్తే, ల్యాబు ఫారం నేను నింపుతూ కూర్చున్నాను. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటేనే వస్తుంది. చిప్పు తేదీ గడి కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. మూడుసార్లు చదివాను. చిప్పు తేదీ కంటే ముందు వేసిన సూది లెక్కలోకి రాదు. అంతే ఉంది అందులో. నా చెవులు వేడెక్కాయి.

అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. అదే రోజు మళ్లీ సూది వేసేవాళ్లం. నెలకు రక్తం, ఆపైన మూడు నెలలు. ఫిబ్రవరి దాటకముందే అన్నీ అయిపోయేవి, మార్చిలో కుక్క ఆమెతోపాటే విమానం ఎక్కేది. డాక్టరు నాలుగు తిట్లు తిట్టేవాడు. మగ్గం బుద్ధి పోలేదు నీకు అనేవాడు, ఆ మాట ఆయనకు అలవాటే. ఉద్యోగం ఊడినా ఊడేది. కార్ఖానాలు సగం మూతపడి, మా బావమరిది లాంటివాళ్లు లారీలెక్కి ఊళ్లకు పోయిన రోజులవి. ఇవన్నీ నిజాలే. కానీ అసలు సంగతి అది కాదు. బయట బెంచీ మీద కూర్చున్న ఆ మనిషి ముందు నాకు తెలియదు అని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. నేను ఆమెకు అన్నీ తెలిసిన తమ్ముణ్ని మరి. పైగా, ఇంత చిన్న అక్షరాలు అక్కడ మాత్రం ఎవడు చదువుతాడులే అనుకున్నాను.

తేదీలు మార్చి రాయలేదు. అది నా నిజాయితీ అని కొన్నాళ్లు సంతోషపడ్డాను కూడా. ఎంత నిజాయితీ! ఉన్నది ఉన్నట్టు గుండ్రంగా రాసి, డాక్టరు చూడకుండానే సంతకం పెడితే, కవరు మూసేశాను. బయటికి వెళ్లేసరికి ఆమె కుక్క కాలికి అంటించిన దూదిని వేలితో అదిమి పట్టుకుని ఉంది. అంతా మంచిగనేనా అని అడిగింది. అంతా అయిపోయింది, ఇక మూడు నెలలు ఆగుడే అన్నాను.

ఆ మూడు నెలలూ ఆమె మమ్మల్ని చూడ్డానికే వచ్చినట్టు వచ్చేది. రిపోర్టు బాగా వచ్చిందని ఘారీ మిఠాయి డబ్బా తెచ్చింది. నేను తిన్నాను. విమానంలో పెట్టే పెద్ద ప్లాస్టిక్ బోను కొని, అందులో కుక్కకు కూర్చోవడం అలవాటు చేస్తోంది. ఇవ్వాళ పావుగంట కూర్చున్నాడు, ఇవ్వాళ అరగంట అని లెక్క చెప్పేది. విన్నప్పుడల్లా నోటిదాకా వచ్చేది. ఇవ్వాళ వద్దు, వచ్చేసారి చెబుదాం అనుకునేవాణ్ని. ఒక్కోసారి వెనక తలుపు నుంచి బయటపడి, ఆమె వెళ్లేదాకా చాయ్ బండి దగ్గర నిలబడ్డాను.

మార్చిలో, ప్రయాణం పది రోజులుందనగా, ముంబయిలో కాగితాలు చూసే ఏజెంటు ఫోను చేశాడు. ఆ చిన్న అక్షరాలు చదివేవాడు ఒకడున్నాడు. డాక్టరు పుస్తకం తెరిచి చూసి, నన్ను చూసి, పళ్లు కొరికాడు. ఆమె రాగానే మాత్రం లాక్‌డౌన్ వల్ల చిప్పు లేటయింది, ఎవరి తప్పూ కాదు అని క్లినిక్కు పరువు కాపాడుకున్నాడు. నేను ఆయన పక్కన నిలబడి తలాడించాను. మొదటి నుంచి చెయ్యాలి, అయిదు నెలలు పడుతుంది అన్నాడు. ఆమె ప్రయాణం వాయిదా వేసుకునేదే. కానీ అదే వారం అక్కడ ఆమె భర్త కరోనాతో ఆస్పత్రిలో పడ్డాడు. ఒంటరి మనిషి, ఊరు కాని ఊరు. వెళ్లక తప్పలేదు.

కుక్కను పెట్టుకుంటామని టౌన్‌షిప్‌లో ఇద్దరు ముందుకు వచ్చారట. ఆమె బోనుతో సహా తెచ్చి నా చేతిలో పెట్టింది. తన పాత చున్నీ ఒకటి బోనులో పరిచింది.

"నువ్వైతె కాగితాలు గూడ జూస్తవు. నీ మీదనే నాకు భరోస" అంది. కుక్క ముక్కు మీద తన బుగ్గ ఆనించి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

లింబాయత్‌లో మాది ఒకటే గది. కుక్క తొమ్మిది రోజులు ముద్ద ముట్టలేదు. తలుపు వైపు మొహం పెట్టి, ఆ చున్నీ మీద పడుకునేది. నేను పెరుగన్నం వేలితో దాని నాలుకకు రాసేవాణ్ని. పదో రోజు లేచి గిన్నెలో మూతి పెట్టినప్పుడు నేను గోడకు తిరిగి ఏడ్చాను. మా ఆవిడ చూసి, ఇంట్ల మనిషికి గింత సేవ ఎన్నడన్న జేసినవా అని ఎకసెక్కం చేసింది. ఎందుకు చేస్తున్నానో ఆమెకు కూడా చెప్పలేదు.

అంతలో రెండో వేవ్ వచ్చిపడింది. మా గల్లీలోనే రెండు వారాల్లో నలుగురు పోయారు. శ్మశానాల్లో జనం వరసలు కట్టారు. అలాంటప్పుడు ఒక కుక్క కాగితాల గురించి ఎవరిని అడగను? అడగడానికి నోరు రాలేదు. డాక్టరు కూడా ఆస్పత్రిలో చేరి, నెల తర్వాత సగం మనిషై వచ్చాడు. మార్చిలోనే మళ్లీ సూది వేసినా, ఏప్రిల్లో తీయాల్సిన రక్తం మే నెలలో తీశాం. ఈసారి ఫారం నింపి, ఆయన చేత అక్షరం అక్షరం చదివించాను.

ఆదివారాలు జర్మనీ నుంచి అక్క వీడియో కాల్ చేసేది. భర్త కోలుకున్నాడు. ఆమె పిలుస్తుంటే కుక్క ఫోను వెనక్కి వెళ్లి చూసేది, అక్కడ మనిషి లేకపోతే నా మొహం చూసేది. జూన్ కల్లా దాని కళ్ల మీద తెల్లటి పొర కమ్మింది. మెట్లు దిగలేకపోతే ఎత్తుకుని దింపేవాణ్ని. నీ అసొంటి మనిషి ఉండడు తమ్మీ అని ఆమె అన్నప్పుడల్లా ఫోను మా ఆవిడకు ఇచ్చేసేవాణ్ని.

ఆగస్టులో కుక్కను ముంబయి తీసుకెళ్లాను. కాగితాలన్నీ వరసగా ఉన్నాయి, ఒక్క గీత కూడా తప్పు లేదు. బోనులోకి ఎక్కమంటే ఎక్కకుండా నా కాళ్ల మధ్య దూరింది. చున్నీ వాసన చూపిస్తే ఎక్కింది. తలుపు గడియ పెట్టాను. మర్నాడు ఆమె వీడియో పంపింది. కుక్క ఆమె ఒళ్లో మొహం దాచుకుని, తోక కాదు, నడుమంతా ఊపుతోంది. అది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ, ఇది మార్చిలో జరగాల్సింది అనుకున్నాను.

ముప్పై ఎనిమిది రోజులకు ఆమె ఫోను వచ్చింది. ఆదివారం కాదు. నేను క్లినిక్కులో గిన్నెలు కడుగుతున్నాను. నిద్రలోనే పోయిందట, ఆమె మంచం పక్కనే. నేను తడి చేతులతోనే కింద కూర్చుండిపోయాను. ఆమె ఏడవలేదు. ఏడ్చి అయిపోయాకే చేసినట్టుంది. కాసేపటికి నేను అన్నాను, అక్కా, ఆ చిప్పు విషయంలో తప్పు నాది, లాక్‌డౌన్‌ది కాదు అని. ఏడాది తర్వాత అంతమాత్రం బయటికి వచ్చింది.

"నాకెర్కే తమ్మీ" అంది. "పుస్తకంల రాత నీదే గద. ఎనకెనక ఏసుకున్నా ఒకటే అన్నవు, గదీ యాదికుంది. ఎర్కుండే నీ దగ్గర ఇడిసిన. నువ్వు తెల్వక జేసినవు. తెల్వక జేసినదానికి ఏమంట? నువ్వు సాకకపోతె నాకు గా ముప్పై ఎనిమిది దినాలు గూడ దక్కకపోవు."

చిన్న అక్షరాల ఫారం, దసరా ముందు రోజులు, కవరు మూసిన నా చేతులు, బెంచీ మీద దూది అదిమి పట్టుకున్న ఆమె వేలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. ఆమె అక్కడ ఆగి, నా మాట కోసం ఎదురు చూస్తోంది.

"అవునక్కా" అన్నాను. "నాకు తెల్వకుండె."