బసవన్న చెవి

నేను బడి మానేసింది నాలుగో తరగతిలో. మా అయ్యవారు నాయనను పిలిచి, వీడికి పలకా ఒకటే బండా ఒకటే అన్నాడట. నాయన దాన్ని సలహా అనుకుని, మరుసటి వారమే నన్ను ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే కొట్టంలో బండ ముందు కూర్చోబెట్టాడు.

అక్కడ నేర్చింది ఒకటే చదువు. రాయి మీద ఎర్రటి జేగురుతో అడ్డగీతలు గీసిన చోటు కొట్టేయాలి, గీతల్లేని చోటు ఉంచాలి. యాభై ఆరులో నంద్యాల నుంచి కొత్త మేస్త్రీ వచ్చి, మూడో రోజే దాన్ని తిరగేశాడు. ఇకమీదట గీతలున్నదే ఉంచాలట, మిగతాది కొట్టేయాలట. కారణం సబబైనదే. కొట్టే చోట గీస్తే ఆ గీతలు పెళ్లలతోపాటే ఎగిరిపోతాయి, ఎక్కడ ఆగాలో తెలియదు. ఉంచే చోట గీస్తే చివరిదాకా కనబడతాయి.

నాకు కారణం నచ్చింది, మనిషి నచ్చలేదు. మా చేత తప్పులు చేయించి తన నంద్యాల వాళ్లను దింపే ఎత్తు ఇదనుకున్నాను.

"సగం చెక్కిన రాళ్లు పాత గీతల్తో పడుండాయే, వాటి గతేందప్పా?" అన్నాను.

అన్నీ కడిగి మళ్లీ గీద్దామన్నాడు. మా పెద్ద శిల్పి ఒప్పుకోలేదు. ఎనిమిది నెలలుగా ఆయన చెక్కుతున్న బసవన్న ఆ రాళ్లలోనే ఉన్నాడు. కళ్లు మసకబారాయి, మళ్లీ గీయలేడు. చివరికి పాత రాళ్లకు పైన సున్నం చుక్క పెట్టేటట్టు కుదిరింది. చుక్క ఉంటే పాత పద్ధతి, లేకుంటే కొత్తది.

చుక్క చూసి కొట్టమని చెప్పి, బసవన్న తల పని పెద్దాయన నాకప్పగించాడు. శివరాత్రికి ముందే జూపాడు బంగ్లా దగ్గరి ఊరివాళ్లు ఆయన్ను తీసుకుపోను బండి కట్టుకొని వస్తారు. జనం చెవిలో కోరికలు చెప్పుకునే దేవుడు. ఎక్కడ కాస్త విరిగినా ముట్టరు.

ఒక పొద్దున చూస్తే బసవన్న మూపున చుక్క ఇంకా తడిగా ఉంది. పాత రాయికి పచ్చి చుక్క ఎందుకుంటుంది? మేస్త్రీ నాకంటే ముందొచ్చి, గీతలు కొత్త పద్ధతిలోకి మార్చి, నన్ను ముంచడానికి చుక్క పెట్టాడని తేల్చుకున్నాను. తల పక్కన పిడికెడంత ముద్దలు రెండున్నాయి. ఒకదానికి గీతలున్నాయి, ఒకదానికి లేవు. నేనంత తెలివితక్కువవాణ్ణా అనుకుంటూ, చుక్కను పక్కనబెట్టి కొత్త పద్ధతిలోనే గీతల్లేని దాన్ని నాలుగు దెబ్బల్లో రాల్చాను.

అది చెవి. మంచుకు చెదిరిన చుక్కను పెద్దాయనే తెల్లారి వచ్చి దిద్దిపోయాడట. మేస్త్రీ అంతవరకు ఆ రాయి ఛాయలకే పోలేదు. ఇప్పుడొచ్చి పడిన ముక్కను తీసి అటూ ఇటూ తిప్పి చూసి, నా ముందర పెట్టాడు.

పెద్దాయన వచ్చి తల పక్కన చేత్తో తడిమాడు. అప్పుడైనా నా నోరు ఊరుకోలేదు.

"ఇంకో చెవి ఉండాది కద తాతా. అందులో చెప్పుకుంటార్లే."

ఆయన చెయ్యి అక్కడి నుంచి తీయలేదు.

"రెండు చెవులుండి నీకే నా మాట ఎక్కలేదు. ఒంటి చెవోనికి ఎవురు చెప్పుకుంటార్రా."