రాణిగారి కాళ్ళ దగ్గర కుక్క

“...రాణిగారిని వదిలేసి కుక్క దగ్గర పన్నెండు నిమిషాలా ఆంటీ? కంప్లయింట్స్ వస్తున్నాయి!”

“ఆవిడ ఎక్కడికీ పోదులే తారా. ఐదొందల ఏళ్ళుగా అక్కడే కూర్చుంది.”

నేపర్‌విల్ నుంచి రైల్లో వచ్చి, చికాగోలోని ఒక మ్యూజియంలో ప్రతి శనివారం తెలుగువాళ్ళకు పాతకాలపు యూరప్ పెయింటింగులు చూపించే కృష్ణవేణిగారికి ఒక్కటే పిచ్చి. ఏ బొమ్మలోనైనా కుక్కనే చూస్తారు. రాజులూ, పెళ్ళిళ్ళూ, యుద్ధాలూ ఆవిడ లెక్కలో కుక్క వెనకున్న గోడ. ఆ టూర్‌కి టికెట్లు చూసే వాలంటీర్‌ని నేను.

“దంపతుల కాళ్ళ దగ్గర కుక్క ఉంటే విశ్వాసం. విందు బల్ల కింద ఎముక కొరుకుతుంటే అత్యాశ. సన్నటి వేటకుక్క ఉందంటే ఇంటాయన దర్జా.”

“మరి ఈ దొరగారెవరండీ?” అని ఎవరైనా అడిగితే, “కుక్క యజమాని.” అంతే.

ఒకసారి మా ఇంటికి భోజనానికొచ్చి మా పెళ్ళి ఆల్బమ్ మొత్తం తిరగేశారు. “ఆరొందల మంది ఉన్నారు, ఒక్క కుక్క లేదు. మీ ఆవిడ నిన్ను ఏ ధైర్యంతో చేసుకుందయ్యా?” మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు నావైపు అలాగే చూస్తుంది.

ఆ శనివారం తార తేల్చేసింది. టూర్లన్నీ చూసుకునేది తనే. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు కంటే కోపం వేగంగా వస్తుంది. “లాస్ట్ వార్నింగ్ ఆంటీ. ఈరోజు ఫుల్ పెయింటింగ్ చెప్పండి. లేకపోతే టూర్ క్యాన్సిల్.”

“చేసుకో. నేను కుక్కతోనే మొదలుపెడతా.”

మొదలుపెట్టారు. కుక్కతోనే ముగించారు కూడా.

సాక్ష్యం కోసం తార, చక్రాల కుర్చీలో ప్రతి వారం వచ్చే రేణుగారి దగ్గరికి వెళ్ళింది. “ఆంటీ, మీకు పైన రాణి ఫేస్ చూడాలని లేదా?”

“నాకు పైన కనబడదమ్మా. ఇంత కిందనుంచి చూస్తే లైటు పడి అంతా తెల్లగా మెరుస్తుంది. అడుగున జానెడే తెలుస్తుంది. మొదటిరోజు ఆ మాట అన్నాను. అప్పట్నుంచి కృష్ణవేణి అడుగున ఉన్నవే చెబుతోంది.”

“ఎందుకు చెప్పావే?” కృష్ణవేణిగారు కసిరారు. “అడుగున ఏముందా అని వెతికితే కుక్కలు దొరికాయి. తర్వాత పిచ్చి నిజంగానే పట్టుకుంది. దానికి నువ్వేం చేస్తావు!”

తార రేణుగారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తలెత్తింది. రాణి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మెరుపే. లేచి ఫోన్ తీసి ఆఫీసుకి చెప్పింది.

“శనివారం టూర్ కృష్ణవేణి ఆంటీదే. ఆ లైట్లు తిప్పేదాకా ఇంకే టూరూ ఈ రూమ్‌లోకి రాదు. పైవాళ్ళతో నేను మాట్లాడతా.”