నూనెలో పగిలిన గరిజె

మా చిన్నప్పుడు క్రిస్మస్ చర్చిలో మొదలయ్యేది కాదు, గరిజెల, అంటే కజ్జికాయల, పిండి తడిపిన రోజున మొదలయ్యేది. పండగనాడు అయ్యగారి ప్రసంగం ఎంత పొడుగు సాగితే, ఇంట్లో డబ్బాలో ఉన్న గరిజెలు మాకు అంత గట్టిగా గుర్తొచ్చేవి. ఆయన పరలోకం గురించే చెప్పేవారు. మేమూ దాదాపు దాని గురించే ఆలోచించేవాళ్లం.

ఇప్పుడు మా ఇంట్లో ప్లాస్టిక్ అచ్చు ఉంది. మా అమ్మాయి పూరీ పెట్టి నొక్కుతుంది, గరిజె బయటికొస్తుంది. అన్నీ ఒకే బడి యూనిఫాంలో ఉన్నట్టుంటాయి. ఒక్కటీ పగలదు. అందుకే నాకు ఆ అచ్చు మీద కొంచెం కోపం.

బడి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, నేను ఏడో తరగతితో ఆపేశాను. మా సారు నడకను ఆయన వెనకాలే నడిచి చూపించేదాన్ని. ఒకరోజు ఆయన వెనక్కి తిరిగారు. అసలు కారణాలు వేరే ఉన్నాయి గానీ, చెప్పుకోవడానికి ఇదే బాగుంటుంది.

జహీరాబాద్‌లో చెరకు లారీలు మా వీధి మీదుగా పోయే కాలం అది. గోడలకు సున్నం వేసి, వెదురు బద్దల నక్షత్రానికి గాలిపటాల కాగితం అంటించాక గరిజెల రోజు వచ్చేది. మేనత్త వాళ్ల ఊరు మొగుడంపల్లి నుంచి షేర్ ఆటోలో, ఒళ్లో ఎండుకొబ్బరి సంచితో దిగేది. పెద్దమ్మ పక్కింటి నుంచి పీటతో సహా వచ్చేది. అమ్మ పూరీలు ఒత్తేది. అందరి మధ్యా, పొయ్యి ముందు, నాయినమ్మ.

పూరీలో కొబ్బరి, చక్కెర, నువ్వులు పెట్టి, సగానికి మడిచి, అంచును వేళ్లతో అల్లుకుంటూ పోవాలి. ఎవరి అల్లిక వాళ్లది. పెద్దమ్మది జడ వేసినట్టుండేది. మేనత్తది, బయట ఆటో ఆగి ఉన్నట్టు తొందరగా ఉండేది. నాయినమ్మది మాత్రం జొన్న గింజలు వరసగా పేర్చినట్టు, సన్నగా, ఒక్కతీరుగా ఉండేది.

దీనికొక కట్టుబాటు ఉంది. ఎవరి గరిజె నూనెలో పగిలి, లోపలిది బయటపడి నూనె నల్లబడుతుందో, వాళ్లను వచ్చే క్రిస్మస్ దాకా ఆటపట్టించాలి. ఒక ఏడు పెద్దమ్మది పగిలింది. ఆ ఏడాదంతా పాలు పొంగినా, కుండ పగిలినా ఆమె పేరే. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది నాయినమ్మే. తనది ఎప్పుడూ పగల్లేదు మరి.

ఒక ఏడు వానలు తగ్గాక నాయినమ్మకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక మాట తిరిగింది, గోడ పట్టుకుని నడక కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ముఖంలో ఒక సగం అలాగే వాలిపోయి ఉంది. పిండి తడిపే రోజు ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

“ఈపారి నేను కూసోను. అంగట్ల తెచ్చుకోన్రి,” అంది.

పొయ్యి సంగతుల్లో ఎన్నడూ నోరు పెట్టని తాత, అమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: “దాన్ని ఎట్లనన్న కూసోబెట్టున్రి. ఇయ్యాల పక్కకు జరిగితే ఇగ ఎన్నటికి లెవ్వది.”

దాంతో పొయ్యినే వాకిట్లో ఉన్న ఆమె మంచం పక్కకు మార్చారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. ఉపవాస ప్రార్థనలో కూడా అంత నిశ్శబ్దం నేను చూడలేదు.

ఆ నిశ్శబ్దం భరించలేక నేను ఒక పూరీ తీసుకుని పెద్దమ్మ ఎలా అల్లుతుందో చేసి చూపించాను, ఆమె మూతి విరుపుతో సహా. తరవాత మేనత్తది. నవ్వులు మొదలయ్యాయి. ఆ ఊపులో నాయినమ్మది చేశాను: నాలుక నోటి మూలకు పెట్టి, ఒక కన్ను మూసి, బొటనవేలు ముద్ర వేస్తున్నట్టు ఎత్తి ఎత్తి ఒత్తుతూ. నవ్వులు టక్కున ఆగిపోయాయి.

మంచం మీద ఆమె ఇటు తిరిగింది. ఎడమచెయ్యి చాపి ఆ గరిజె తీసుకుంది.

“నా ఏలు గట్ల ఒత్తదే పోరీ. ఒక పూరీ ఇటియ్యి.”

మంచం దిగి కూర్చుంది. పూరీని ఒళ్లో పళ్లెంలో పెట్టుకుని, ఒక్క ఎడమచేత్తో అల్లింది. చాలాసేపు పట్టింది. అమ్మ సాయానికి చెయ్యి పెట్టబోతే కళ్లతోనే ఆపేసింది. చివరికి ఎలుక కొరికిన అంచులాంటిది తయారైంది. దాన్ని తానే నూనెలోకి జార్చింది. అది ఒకసారి తిరిగి, నోరు తెరిచింది. కొబ్బరి, చక్కెర బయటపడ్డాయి. నూనె నురగలు కక్కి నల్లబడింది.

అమ్మ, మంట ఎక్కువైందని అంది. పెద్దమ్మ, ఈసారి పిండే మంచిది కాదని అంది. ఇద్దరివీ మంచి మాటలే. ఆ మాటలకే నాయినమ్మ ముఖం ఇంకా వాలిపోయింది. లేవడానికి మంచం కోడు పట్టుకుంది.

“నాయినమ్మా, నూనె మొత్తం ఖరాబ్ చేసినవ్,” అన్నాను నేను. “వచ్చే క్రిస్మస్ దాక నీ పేరే ఇగ.”

అమ్మ నా తొడ గిల్లింది. నాయినమ్మ నావైపు చూసింది. ముఖంలో బాగున్న సగం ముందు నవ్వింది. రెండో సగం కదలలేదు గానీ, ఆ కంట్లో కూడా నీళ్లొచ్చాయి. పెద్దమ్మ వైపు తిరిగి, “నీకు మస్తు సంబురమున్నట్టుంది గదనే,” అంది.

“ఉండదా అత్తమ్మా? నన్ను తక్కువ ఏడిపించినవా?” అంది పెద్దమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

నాయినమ్మ మంచం కోడు వదిలేసి, ఇంకో పూరీ అడిగింది. అదీ పగిలింది.

పండగనాడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఎడమచేత్తో చూపించి, “పలిగినయి నావే,” అని చెప్పుకుంది. బాగా వచ్చినవాటిని ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. తాత ఆ నల్లటి, తీపి లేని పెంకులు ఏరుకుని తిన్నాడు. ఎట్లుందని ఆమె అడిగితే, కొరక్కముందే బాగుందన్నాడు.

ఆ ఏడాదంతా మేము కట్టుబాటు తప్పలేదు. ఒకసారి వీధిలో చెరకు లారీ టైరు ఢామ్మని పేలింది. మేమంతా నోరు తెరిచేలోపే, లోపలి నుంచి నాయినమ్మ గొంతు వినిపించింది.

“నేను గాదు.”